జలదారి

తెలుగు పల్లెలలో ఇల్లు కట్టుకొనేవారు వంటసాలకు, వసారాకు చోటు నిర్ణయించినట్లే జలదారికి కూడా ఒక చోటు నిర్ణయించేవారు. ఇంటిలో వాడిన నీరు వెలుపలికి పోయే మార్గమే జలదారి. తెలంగాణ పల్లెల నోట ఇది 'జాలారు' అయినది. బండలు పరచిన చిన్న అరుగు, అరుగు పక్కన నీళ్ళ గోలెం, అరుగు వాలు ముగిసే చోట గోడకు ఒక రంధ్రం - జలదారి స్వరూపం ఇంతే. ఆ రంధ్రానికి అవతల మురుగుకాలువ ఉండేది కాదు. అరటి గుబురు ఉండేది. అరటి పక్కన చామ, చామకు ఎగువన కరివేప, దడి మీదికి పాకిన సొరపాదు ఉండేవి. స్నానం చేసిన నీరు అరటికి, కూరగాయలు కడిగిన నీరు మిరపమొక్కకు, బియ్యం కడిగిన నీరు కుడితి గోలెంలోనికి, అక్కడి నుండి పశువు కడుపులోనికి చేరేవి. ఒకే నీరు ఒక దినంలో రెండు మూడు పనులు చేసిన తరువాతనే నేలలో ఇంకేది.

ఇది పొదుపు అని ఆనాడు ఎవరూ అనుకోలేదు. నీరు తెచ్చినవారికి దాని బరువు తెలుసు. నెత్తిమీద మోసి తెచ్చిన నీటిని ఒక్కసారి వాడి పారబోయడానికి ఎవరికీ చేతులు రావు.

ఖమ్మం పట్టణ శివారులోని ఒక కాలనీలో కూతురి ఇంట ఉంటున్న ఒక వృద్ధురాలికి ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. ఆమె పుట్టి పెరిగిన ఊరు పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయే దారికి ఎడంగా, అడవి అంచున ఉన్నది. ఆ ప్రాంతంలో వానకాలం ఒక లోకం, ఎండకాలం మరొక లోకం. 1986లో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటి ప్రవహించింది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటింది. అంతటి మహానది పక్కనే ఉండగా, చైత్ర వైశాఖాలు వచ్చేసరికి అడవి అంచు పల్లెలలో వాగులు ఎండిపోతాయి. అప్పుడు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందె నింపుకోవలసి వచ్చేది. చెలమలో నీరు తొందరపడితే రాదు. ఒక బిందె నిండే వరకు కూర్చుని ఎదురు చూడవలసిందే. ఆమె బాల్యంలో చాలా ఉదయాలు ఆ ఎదురుచూపులోనే గడిచాయి.

ఖమ్మం వచ్చిన తరువాత ఆమెకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది కుళాయి కాదు. కుళాయి కింద ఉన్న తూము. తిప్పితే నీరు రావడం ఆమెకు సంతోషం కలిగించింది. వచ్చిన నీరు కంటికి కనబడకుండా ఎటో పోవడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనవరాలు ఒకనాడు కూరగాయలు కడిగిన నీటిని తూములో ఒంపబోతుంటే ఆమె వారించింది.

"ఆగు బిడ్డా, ఆ నీళ్ళు పారబోయకు."

"మురికి నీళ్ళే కదా అమ్మమ్మా, ఏం చేసుకుంటం?"

"మురికి మనకు. చెట్టుకు కాదు."

ఆ సమాధానం మనవరాలికి నచ్చింది. కొన్నాళ్ళకు ఇంటి వెనుక అడుగున్నర స్థలంలో ఒక అరటి పిలక, ఒక కరివేప మొక్క లేచాయి. వాటిని చూసి ఇరుగుపొరుగువారికి ఒక ఆలోచన కలిగింది. ఆ వీధి చివర, లేఅవుటులో పార్కు కోసమని వదిలిన స్థలం ఒకటి కంపచెట్లతో నిండి ఉన్నది. దానిని శుభ్రం చేసి, తొమ్మిది కుటుంబాలవారు కలిసి మడులు చేసుకున్నారు. ఎగువ ఇళ్ళ స్నానపు నీరు, బట్టలు ఉతికిన నీరు ఒక చిన్న కాలువ గుండా ఆ స్థలానికి మళ్ళించారు. నేల సహజంగానే వాలుగా ఉండడం వలన నీరు ఒక మడి నుండి మరొక మడికి తనంత తాను పారేది. వంకాయ, బెండ, గోరుచిక్కుడు, తోటకూర మొలిచాయి. అన్నింటికంటె దిగువనున్న మడి పక్క భవనానికి కాపలా ఉండే కుటుంబానిది. వారి వంటకు కావలసిన ఆకుకూర ఆ మడిలోనే పండేది.

వృద్ధురాలి ఆనందానికి మేర లేదు. పుట్టినింటి జలదారి పట్నంలో మళ్ళీ పుట్టినదని ఆమె భావించింది. కాని ఆ ఆనందం ఎక్కువ కాలం నిలువలేదు.

రెండు నెలలు గడిచేసరికి దిగువ మడిలోని తోటకూర ఎదుగుదల ఆగిపోయింది. ఆకుల అంచులు మాడినట్లు గోధుమరంగుకు తిరిగాయి. మట్టి మీద తెల్లని పొర ఏర్పడింది. నీరు పెడితే ఇంకక పైననే నిలిచిపోయింది. ఎగువ మడులలో అరటి, బెండ పచ్చగానే ఉన్నాయి. కాపలాదారు భార్య కొంతకాలం ఎవరితోనూ ఏమీ అనలేదు. చివరకు ఒక సాయంత్రం వృద్ధురాలి దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నది:

"పెద్దమ్మా, మీది నుంచి వచ్చే నీళ్ళతోనే మా మడి పండాలె, ఆ నీళ్ళతోనే ఎండాలె. మేమేం చేస్తం?"

'మీది' అనే మాటకు తెలంగాణ పలుకుబడిలో రెండు అర్థాలున్నాయి. ఎగువది అని ఒక అర్థం. మీకు చెందినది అని మరొక అర్థం. ఆ మాటలో ఈ రెండు అర్థాలూ వృద్ధురాలికి వినిపించాయి. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. చెట్టుకు మురికి లేదని తానే కదా అన్నది!

ఆమె చెప్పినది అబద్ధం కాదు. ఆమె ఎరిగిన నీరు వేరు, ఈ నీరు వేరు. ఆమె పుట్టింట గిన్నెలు తోమినది బూడిదతో, తలంటినది కుంకుడుకాయ రసంతో. ఆ నీటిలో కలిసినవి చాలవరకు నేలలో పుట్టినవే. అవి కలిసినదీ కొద్దిపాటి మోతాదులోనే. నేడు ఇంటింటా వాడే బట్టల సబ్బుపొడులలో సోడియం లవణాలు అధికంగా ఉంటాయి. కొన్నింటిలో బోరాన్ సంబంధమైన పదార్థాలు కూడా ఉంటాయి. సోడియం నేలలో పేరుకొంటే మట్టికణాల మధ్య ఉండే బంధం సడలి, అవి విడివిడిగా చెదిరిపోయి నేల రంధ్రాలను పూడ్చివేస్తాయి. అప్పుడు నేల గట్టిపడుతుంది, నీరు ఇంకదు, వేళ్ళకు గాలి ఆడదు. మొక్కకు బోరాన్ అత్యల్పంగా అవసరమే. అది కొంచెం మించినా ఆకుల అంచులు మాడిపోతాయి. ఎగువ మడులు నీటిలోని తేమను తీసుకొని ఉప్పును దిగువకు జరుపుతూ వచ్చాయి. మడి తరువాత మడి దాటే కొద్దీ నీరు తగ్గింది, ఉప్పు చిక్కబడింది. ఆ భారమంతా చివరి మడి మీద పడింది. రైతులు చవుడు అని పిలిచేది దీనినే.

ఒక తోటలో జరిగిన ఈ చిన్న సంఘటన వెనుక చాలా పెద్ద చరిత్ర ఉన్నది. వాడిన నీటిని తిరిగి వాడడం తెలుగువారికి కొత్త కాదు. నిజానికి తెలంగాణ చెరువుల వ్యవస్థ సమస్తం ఈ సూత్రం మీదనే నిర్మితమైనది. కాకతీయుల కాలంలో విస్తరించిన గొలుసుకట్టు చెరువులలో ఏ చెరువూ ఒంటరిది కాదు. ఎగువ చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీరు చేరుతుంది. ఎగువ ఆయకట్టులో పారిన నీటిలో కొంత ఊటగా దిగి మరల కింది వాగులోనికి, ఆ వాగు ద్వారా కింది చెరువులోనికి వస్తుంది. ఈ విధంగా ఒకే వాననీరు అనేక గ్రామాల పొలాలను తడుపుతూ నదిని చేరుతుంది. పూర్వపు ఖమ్మం జిల్లాలోనిదై, 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన బయ్యారంలో 13వ శతాబ్దంలో చెరువు త్రవ్వించినది గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ. ఆమె వేయించిన చెరువు శాసనం కాకతీయ వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారం కూడా అయినది. రాజవంశపు స్త్రీ పేరు యుద్ధం వలన కాక నీటి వలన నిలవడం గమనించదగిన విషయం.

మన పూర్వులు సప్తసంతానాలలో తటాకాన్ని, వనాన్ని రెండింటినీ చేర్చారు. సంతానం అంటే కన్న బిడ్డ మాత్రమే కాదు. మనిషి మరణించిన తరువాత కూడా అతని పేరు నిలిపేది. చెరువు, తోట ఒకే వరుసలో నిలవడం యాదృచ్ఛికం కాదు. ఒకటి నీటిని నిలిపేది, మరొకటి ఆ నీటిని ఫలంగా మార్చేది.

చెరువు నిర్మాణాన్ని గురించి మన పెద్దలు ఎంత సూక్ష్మంగా ఆలోచించారో తెలియాలంటే కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనాన్ని చూడాలి. విజయనగర రాకుమారుడైన భాస్కరుడు 1369లో ఆ చెరువును నిర్మింపజేశాడు. వేయిమంది కూలీలు రెండు సంవత్సరాలు శ్రమించారని శాసనం తెలుపుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండగూడని 6 దోషాలను అది వివరించింది. చవుడు నేల ఆ దోషాలలో ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం మరొక దోషం. మొదటిది నేలకు సంబంధించినది, రెండవది మనుషులకు సంబంధించినది. నీరు ఇద్దరి మధ్య ఉన్నప్పుడు ఇద్దరిలో ఎవరూ దానిని తమ బాధ్యతగా భావించరని ఆ శాసనకర్త గ్రహించాడు. కాలనీ తోటలో ఎగువ మడికి, దిగువ మడికి మధ్య జరిగినది కూడా ఇదే. ఆరున్నర శతాబ్దాల నాటి రెండు దోషాలూ అక్కడ ఒకేసారి కనిపించాయి.

కాలనీ తోటలో మడుల మధ్య జరిగినది నగరాల మధ్య, పల్లెల మధ్య జరిగితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దూరం పోనవసరం లేదు. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరం మధ్యగా పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే మూసీ నది ఇందుకు ఉదాహరణ. దశాబ్దాలుగా నగరపు మురుగునీరు ఈ నదిలో చేరుతున్నది. నగరానికి దిగువనున్న రైతులు నది మీది కత్వల నుండి కాలువల ద్వారా ఆ నీటినే పొలాలకు పారించుకుంటున్నారు. ఏడాది పొడవునా వచ్చే నీరు కనుక వారికి అది ఒక విధమైన వరం. పోషకాలున్న నీరు కనుక ఎరువు ఖర్చు కొంత తగ్గుతుంది. నగరానికి దగ్గరగా పారాగడ్డి పెంచి పాడిపశువులకు అమ్మి జీవించే కుటుంబాలు వందల సంఖ్యలో ఉన్నాయి. అయితే అదే నీటిలో దిగి పని చేసేవారికి చర్మవ్యాధులు, పేగులలో నులిపురుగులు సంక్రమించే ప్రమాదం ఉన్నది. ఒకప్పుడు వరి పండిన కొన్ని పొలాలలో దిగుబడి తగ్గి, గడ్డి తప్ప మరొకటి వేయలేని స్థితి వచ్చింది.

2000 తరువాతి దశాబ్దంలో మూసీ నీటి మీద శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలలో ఒక ముఖ్య విషయం బయటపడింది. నది దిగువకు సాగే కొద్దీ, కత్వల వెనుక నీరు నిలిచి తేరుకోవడం వలన, ఎండ తగలడం వలన, వ్యాధికారక సూక్ష్మజీవుల సంఖ్య, నులిపురుగుల గుడ్ల సంఖ్య క్రమంగా తగ్గిపోతున్నాయి. కాని నీటిలోని ఉప్పు మాత్రం ఆ విధంగా తగ్గలేదు. ప్రకృతి తన శక్తి మేరకు నీటిని శుద్ధి చేస్తుంది. ఎండ సూక్ష్మజీవిని చంపుతుంది. నిలకడ మడ్డిని అడుగుకు దించుతుంది. మొక్క వేరు పోషకాలను పీల్చుకొంటుంది. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం ఏ ఎండా హరించలేదు. దానిని ఆపగలిగినవాడు ఒక్కడే - దానిని నీటిలో కలిపే ఎగువవాడు.

నీటి పునర్వినియోగంలో ఉన్న అసలు ధర్మం ఇదే. వాడిన నీటిని ఎలా శుద్ధి చేయాలన్నది రెండవ ప్రశ్న. అది శుద్ధి కాగల నీరుగా మన చేతి నుండి బయటకు పోతున్నదా అన్నది మొదటి ప్రశ్న.

మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పుకోగలిగినచోట ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. కోల్‌కతా నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగరపు మురుగునీటిని అక్కడి జాలరులు లోతు తక్కువైన చెరువులలో నిలిపి, ఎండకు తేర్చి, చేపలు పెంచుతారు. ఆ చెరువుల నుండి వెలువడిన నీటితో కూరగాయలు, వరి పండిస్తారు. జీవావరణ శాస్త్రజ్ఞుడు ధ్రువజ్యోతి ఘోష్ జీవితకాలమంతా శ్రమించి ఈ విధానంలోని శాస్త్రీయతను ప్రపంచానికి చాటిచెప్పాడు. 2002లో ఈ ప్రాంతానికి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది. నీటి కొరత అత్యధికంగా ఉన్న ఇజ్రాయెల్ దేశం తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని శుద్ధి చేసి, ప్రధానంగా వ్యవసాయానికి వినియోగిస్తున్నది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు జమ్ము, మెట్టతామర వంటి మొక్కల మడుల గుండా మురుగునీటిని పారించి, వేళ్ళ సాయంతో శుద్ధి చేసి, సేద్యానికి అందించే పద్ధతిని పరీక్షించి చూపారు. ఇందులో విద్యుత్తుతో గాని, ఖరీదైన యంత్రాలతో గాని పెద్దగా పని లేదు. ఊరి వాలును, మొక్క వేరును నమ్ముకొన్న పద్ధతి ఇది.

పెరటితోట స్థాయిలో ఎంత నీరు ఉపయోగపడుతుందో లెక్క వేసి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకం గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్ల నీటిని లక్ష్యంగా నిర్ణయించింది. ఇంటికి వచ్చిన నీటిలో సుమారు మూడింట రెండు వంతులు స్నానం, వంట, ఉతుకుడు పనుల తరువాత మరుగుదొడ్డితో సంబంధం లేని వాడుక నీరుగా బయటకు పోతుంది. ఐదుగురున్న ఇంటిలో అది రోజుకు 300 లీటర్లకు పైమాటే. కూరగాయల మడికి సాధారణ దినాలలో చదరపు మీటరుకు 5 లీటర్లు అవసరమనుకొంటే, ఆ నీటితో 60 చదరపు మీటర్ల తోట తడుస్తుంది. అంటే అర గుంటకు మించిన నేల. ఒక కుటుంబానికి నిత్యం కావలసిన ఆకుకూర, నాలుగు రకాల కాయగూరలు పండించడానికి అది చాలును.

భద్రాచలం అడవి ప్రాంతంలోని ఆశ్రమ పాఠశాలలకు ఈ లెక్క మరింత బాగా వర్తిస్తుంది. 300 మంది పిల్లలున్న పాఠశాలలో ఒక్కొక్కరు పూటకు 2 లీటర్ల నీటితో చేతులు, కంచం కడుగుతారనుకొందాం. మూడు పూటలకు 1,800 లీటర్లు అవుతుంది. ఈ నీటిలో అన్నపు మెతుకులు, నూనె జిడ్డు తప్ప హానికరమైనవి తక్కువ. మెతుకులను జల్లెడలో ఆపి, జిడ్డును ఒక చిన్న తొట్టిలో తేల్చివేసి, కంకర, ఇసుక పొరల గుండా దించితే 360 చదరపు మీటర్ల తోటకు, అంటే మూడున్నర గుంటలకు, సరిపోతుంది. మునగ, బొప్పాయి, కరివేప, అరటి ఆ నేలలో పెరిగితే పిల్లల కంచంలోనికి ఇనుము, విటమిన్లు వచ్చి చేరుతాయి. పాఠశాలలలో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు వెలువరించింది. తోటకు విత్తనం, మట్టి, శ్రమ దొరకడం కష్టం కాదు. వేసవిలో నీరు దొరకడమే కష్టం. కంచం కడిగిన నీరు వృథాగా పోయే చోట తోట ఎండిపోవడం కంటె విచారకరమైనది మరొకటి లేదు.

అయితే ఈ నీటిని వాడే పద్ధతులు తెలియకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మరుగుదొడ్డి నీటిని ఎట్టి పరిస్థితిలోనూ పెరటితోటలోనికి రానీయరాదు. వాడుక నీటిని ఒక దినానికి మించి నిలువ ఉంచరాదు. నిలిచిన నీటిలో గాలి ఆడక దుర్వాసన పుడుతుంది, దోమలు పెరుగుతాయి. నీటిని ఆకుల మీద చల్లరాదు; పాదులోనే పోయాలి. పచ్చిగా తినే ఉల్లి, ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర వంటి వాటికి ఈ నీరు పెట్టరాదు. ఉడికించి తినేవాటికి, నేలకు ఎత్తుగా కాసేవాటికి పెట్టవచ్చును. ఆకుకూర పెంచితే తేర్చి వడకట్టిన నీటినే పాదుకు పెట్టి, కోతకు కొన్ని దినాల ముందు నుండి ఆ నీరు మాని మంచినీరు ఇవ్వాలి. కోసిన ఆకును బాగా కడిగి ఉడికించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాల సారాంశం కూడా ఇదే. ఏ ఒక్క జాగ్రత్త మీదనో పూర్తిగా ఆధారపడక, నీటి శుద్ధి, పంట ఎంపిక, నీరు పెట్టే తీరు, కోతకు ముందు విరామం, కడగడం, వండడం - ఇలా ఒకదాని వెనుక ఒకటిగా అడ్డుకట్టలు వేసుకోవాలని ఆ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

ఈ విషయాలలో కొన్ని మనవరాలు తన రసాయనశాస్త్ర అధ్యాపకుని అడిగి తెలుసుకొన్నది. కొన్ని విషయాలు వృద్ధురాలికి చెప్పకుండానే తెలుసు. ఇద్దరూ కలిసి వీధిలోని తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళారు. బట్టల యంత్రం నుండి మొదట వచ్చే సబ్బునీటిని తోటకు విడువవద్దని, చివర జాడించిన నీటిని మాత్రమే విడువవలసిందని కోరారు. పాత్రలకు, తలంటుకు వీలైనంత వరకు కుంకుడు, శీకాయ వాడమన్నారు. కొందరు వెంటనే ఒప్పుకొన్నారు. ఒకరిద్దరు, "మా మడి బాగానే ఉన్నది కదా, మాకేం ఇబ్బంది?" అన్నారు. వృద్ధురాలు వారితో వాదించలేదు. వారిని తోట దిగువకు తీసుకొనిపోయి, తెల్లని పొర కట్టిన మట్టిని చేతిలోనికి తీసుకొని చూపించింది. ఆ మట్టిని చూసిన తరువాత ఎవరూ మాట్లాడలేదు.

తరువాత తోట రూపం మార్చారు. కాలువ మొదట్లో కంకర, ఇసుక నింపిన గుంత ఒకటి తీశారు. దాని పక్కన మెట్టతామర నాటారు. దిగువ మడిలోని మట్టికి పశువుల ఎరువు, కొద్దిగా జిప్సం కలిపారు. జిప్సంలోని కాల్షియం సోడియంను తప్పించి నేలను గుల్ల చేస్తుందని అధ్యాపకుడు చెప్పాడు. ఒక ఇంటి డాబా మీది వాననీటిని గొట్టం ద్వారా నేరుగా దిగువ మడికే చేర్చారు. పేరుకొన్న ఉప్పును కడగగలిగినది వాననీరే. ఆ సంవత్సరం వానకాలం గడిచిన తరువాత ఆ మడిలో మరల తోటకూర లేచింది. మొదటి కోతలోనే కాపలాదారు భార్య ఒక కట్టను తెచ్చి వృద్ధురాలి గడపలో పెట్టింది. ఇరువురి మధ్య మాటలు పెద్దగా జరుగలేదు. ఆ పూట ఆ ఇంట తోటకూర పప్పు వండారు.

ఖమ్మం నేలకు ఒక విశేషమున్నది. ఈ ప్రాంతపు నీరు అంతా ఒకే దిశకు పోదు. వైరా, మున్నేరు నీళ్ళు కృష్ణకు పోతాయి. కిన్నెరసాని, తాలిపేరు నీళ్ళు గోదావరికి పోతాయి. ఖమ్మంలో ఒక ఇంటి తూములో ఒంపిన నీరు మున్నేరు వెంట దిగి, ఏనాటికో కృష్ణా తీరపు పొలానికి చేరవచ్చు. పాల్వంచ అడవిలోని ఇంటి నీరు గోదావరి వెంట సాగి, పాపికొండల అవతలి పొలాన్ని తడపవచ్చు. నీరు విడిచినవారికి ఆ పొలాలు కనబడవు. కనబడనంత మాత్రాన అవి లేకుండా పోవు. ప్రతి ఎగువవాడికీ ఒక దిగువవాడు ఉంటాడు. ప్రతి దిగువవాడు కూడా మరొకరికి ఎగువవాడే. కాలనీ తోటలో చివరి మడిదైన ఆ కుటుంబం కూడా ఆ మడి దాటి పారే నీటికి ఎగువనే ఉన్నది.

పాత ఇళ్ళ జలదారిలో ఒక గొప్ప సౌలభ్యం ఉండేది. వాడిన నీరు ఎక్కడికి పోతున్నదో అది ఇంటివారి కళ్ళముందే చూపేది. అరటి ఎండితే తప్పు తమదేనని వారికి వెంటనే తెలిసేది. నేటి భూగర్భ మురుగు వ్యవస్థ ఆరోగ్యానికి అవసరమే. కాని అది తప్పును కళ్ళనుండి దాచివేస్తుంది. ఆ దూరాన్ని తగ్గించడమే ఇటువంటి తోటలు చేసే మేలు. అవి పండించే నాలుగు వంకాయల విలువ కంటె, నీరు వాడినవారికి నీటి గమ్యాన్ని చూపడం విలువైనది.

ఆ వృద్ధురాలు నేటికీ కూరగాయలు కడిగిన నీటిని తూములో ఒంపనీయదు. కాని ఆమె మాటలో ఒక మార్పు వచ్చింది. మురికి మనకే గాని చెట్టుకు కాదని ఆమె ఇప్పుడు అనడం లేదు. గిన్నె చేతికి తీసుకొనే ముందు మనవరాలిని ఒక్క ప్రశ్న అడుగుతుంది:

"ఇందులో ఏం కలిపినవు బిడ్డా?"